సాయంత్రానికి అయిపోయే పని

(శ్రీకాకుళంలో పోటీ పరీక్షలకు చదువుతున్నవాళ్ళూ, ఉద్యోగాలు వెతుక్కుంటున్నవాళ్ళూ కలిసి ఒక ఆదివారం సాయంత్రం పెట్టుకున్న సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడినదాన్ని మాట్లాడినట్టే రాశాం. అక్కడక్కడ తిరగతిప్పి చెప్పిన మాటలు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక బల్లల మీదున్నవాళ్ళకి వినిపిస్తోందా? ఆ ఫ్యాను ఒకటి ఆపేస్తే నయం. వద్దా? సరే, ఉండనివ్వండి, ఉక్కగానే ఉంది.

నన్ను రమ్మన్న కుర్రాళ్ళు ఫోన్లో, ‘ఖాళీగా ఉన్నప్పుడు ఏం చెయ్యాలో చెప్పండి సార్’ అన్నారు. ఆ ఖాళీ అన్న మాట దగ్గరే నాకు పేచీ. ఉద్యోగం వెతుక్కునేవాడు ఖాళీగా ఎక్కడుంటాడండీ? పొద్దున్న లేస్తే నోటిఫికేషన్ ఏదైనా పడిందా అని చూడాలి. సర్టిఫికెట్లు స్కాన్ చేయించాలి, ఫొటో సైజు తగ్గించాలి, ఫీజు కట్టాలి, పాస్‌వర్డ్ మర్చిపోవాలి, మళ్ళీ పెట్టుకోవాలి. ఎవరో తెలిసినాయన ఉన్నాడంటే వెళ్ళి కలవాలి, ఆయన లేడంటే మళ్ళీ వెళ్ళాలి. పొద్దు గూకేసరికి ఒళ్ళు హూనమైపోతుంది. ‘ఏం చేశావురా ఇవాళ?’ అంటే మాత్రం చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు. పంపిన అప్లికేషన్ ఏ గాలికి పోయిందో తెలీదు. రాసిన పరీక్ష ఫలితం ఎప్పుడొస్తుందో తెలీదు. ఈ బాధ పద్నాలుగు నెలలు పడ్డాను కాబట్టి ఇవాళ ఇక్కడ నిలబడ్డాను. ఇంతకు మించి నాకు అర్హతలేమీ లేవు.

నాది ఆమదాలవలస. హైదరాబాదులో ఒక ప్రైవేటు కంపెనీలో పదహారేళ్ళు లెక్కలు రాశాను. ఒక శుక్రవారం సాయంత్రం మా బ్రాంచి మూసేస్తున్నామన్నారు. సోమవారం నుంచి రానక్కర్లేదన్నారు. అప్పటికి నాకు నలభై ఒకటి. నా భార్య అక్కడే ఒక బడిలో పాఠాలు చెబుతోంది, మా అమ్మాయి పదో తరగతి. వాళ్ళని కదపలేం. అదే సమయానికి ఇక్కడ మా అమ్మకి కంటి ఆపరేషన్ అయింది. పొగ దగ్గరికీ, పొయ్యి దగ్గరికీ కొన్నాళ్ళు వెళ్ళొద్దన్నారు. ఇంట్లో ఖాళీగా ఉన్న మనిషిని నేనొక్కణ్ణే కదా. మళ్ళీ ఖాళీ అంటున్నాను చూడండి, అలవాటైపోయింది. అలా శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో పెట్టె దించుకుని వంటింట్లోకి అడుగుపెట్టాను. అప్పటిదాకా నాకు టీ పెట్టడం, ఆమ్లెట్ వెయ్యడం తప్ప ఏమీ రాదు.

మొదట డబ్బు సంగతి చెబుతాను. లెక్కలు రాసినవాణ్ణి కాబట్టి మొదటి నెల ప్రతి రూపాయీ ఒక పుస్తకంలో రాశాను. నెలాఖరున కూడితే ఆశ్చర్యం వేసింది. బియ్యం, పప్పు, నూనె, కూరగాయలు నేననుకున్నంత కాలేదు. డబ్బంతా బయటే పోయింది. స్టేషన్ దగ్గర టీ పది రూపాయలు. రోజుకి నాలుగు. నెలకి పన్నెండొందలు. దానికి తోడు రెండు గారెలు, నలుగురూ నిలబడితే నలుగురికీ నేనే ఇవ్వడం. ఉద్యోగం లేదని తెలిసిపోతుందేమోనని ముందే జేబులో చెయ్యి పెట్టేవాణ్ణి. ఇంట్లో టీ లేకనా? ఉంది. పక్కింటివాళ్ళు, ‘ఇంకా సెలవులేనా బాబూ?’ అని అడుగుతుంటే ఇంట్లో ఉండలేక వెళ్ళేవాణ్ణి. ఆ పది రూపాయలూ టీకి కాదు, ఇంట్లోంచి బయటపడడానికి కొనుక్కున్న టికెట్టు. ఇది తెలిశాక టీ మానలేదు. నాలుగు కాస్తా ఒకటైంది. మిగతా మూడు వేళల్లోనూ చేతికి వేరే పని దొరికింది.

ఆ పని వంట. వంట గొప్పదనం మీద ఉపన్యాసం చెప్పను, ఇక్కడున్న ఆడపిల్లలు నవ్వుతారు. ఏళ్ళ తరబడి రోజూ చేసేవాళ్ళకి అది చాకిరీ, నాకు తెలుసు. నాకు మాత్రం అందులో ఒకటి బాగా నచ్చింది. పదింటికి మొదలుపెట్టిన పని పన్నెండుకి అయిపోతుంది. బాగుందో లేదో పన్నెండున్నరకి తెలిసిపోతుంది. ‘మీ వివరాలు పరిశీలనలో ఉన్నాయి’ అని పులుసు ఎప్పుడూ మెసేజ్ పెట్టలేదు. (నవ్వులు)

మా అమ్మ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చునేది. అక్కణ్ణుంచే ఆర్డర్లు. కళ్ళకి కనబడకపోయినా వాసన బట్టి చెప్పేసేది. ‘ఒరే, ఆవాలు మాడిపోతన్నాయి, దించు’ అనేది. ఒకరోజు కుక్కర్ ముందు నిలబడి విజిళ్ళు లెక్కపెడుతుంటే, ‘ఏటిరా అలా కాపలా కాస్తన్నావు, అదేటి పారిపోద్దా? ఎల్లి కూకో’ అంది.

మొదట నేర్చుకున్నది ఉలవలు. రూముల్లో ఉండి చదువుకుంటున్నవాళ్ళు ఇది కాస్త జాగ్రత్తగా వినండి. పావుకిలో ఉలవలు రాళ్ళేరి, కడిగి, రాత్రి నానబెట్టండి. ఎనిమిది పది గంటలు నానాలి. పొద్దున్న ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళు లీటరున్నర పోసి కుక్కర్లో పెట్టండి. ఆరేడు విజిళ్ళు. ఆ తర్వాత వడకట్టండి. ఇక్కణ్ణుంచి ఒక గిన్నెలో మూడు వంటలు. గట్టిగా, ఎర్రగా దిగిన నీళ్ళలో చింతపండు పులుసు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఉప్పు, చిటికెడు పసుపు, చిన్న బెల్లం ముక్క వేసి సన్నటి మంట మీద మరగనిస్తే ఉలవచారు. అది మర్నాటికి ఇంకా బాగుంటుంది. మిగిలిన ఉలవల్లో సగం ఎండుమిర్చి, కరివేపాకు పోపు వేసి గుగ్గిళ్ళు, సాయంత్రం ఆకలికి. బజారులో బజ్జీలు తినే వేళకి ఇవి తినండి. మిగతా సగం వంకాయలోనో, ఆనపకాయలోనో పడేస్తే కూర. నేను మొదటిసారి నానబెట్టకుండా పెట్టాను. పన్నెండు విజిళ్ళు వచ్చినా పంటికింద రాళ్ళలాగే ఉన్నాయి, గ్యాసు పోయింది. నానబెట్టడమంటే నీళ్ళకి, రాత్రికి ఆ పని అప్పగించడం. వాటికి బిల్లు రాదు.

గ్యాసు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఇంటి సిలిండర్లో 14.2 కిలోలుంటుంది. కొత్తది పెట్టిన రోజు గోడ మీద సుద్దముక్కతో తారీఖు రాసేవాణ్ణి. మొదటిది నలభై ఎనిమిది రోజులొచ్చింది. నానబెట్టడం, మూత పెట్టి ఉడికించడం, అన్నం ముప్పాతిక ఉడికాక కట్టేసి ఆ ఆవిరికే మగ్గనివ్వడం అలవాటయ్యాక అరవై ఒకటి వచ్చింది. నా పదహారేళ్ళ ఉద్యోగంలో ఒక్క బ్యాలెన్స్ షీట్ చూసీ అంత ఆనందపడలేదు.

తర్వాత కార్డు బియ్యం. మనిషికి నెలకి 5 కిలోలు. మన దగ్గర చాలామంది అవి తినరు, దోసెలకి వాడతారు, లేదా అమ్మేస్తారు. తినకపోవడానికి ఈమధ్య ఒక కొత్త కారణం చెబుతున్నారు, ‘అందులో ప్లాస్టిక్ బియ్యం కలుస్తున్నాయి’ అని. కడిగేటప్పుడు కొన్ని గింజలు తేలతాయి, రంగు కూడా కాస్త తేడాగా ఉంటుంది, వాటిని ఏరి పారేస్తున్నారు. అవి ప్లాస్టిక్ కాదండీ. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 విటమిన్ కలిపి, మళ్ళీ బియ్యపు గింజల్లా చేసి, వంద కిలోలకి ఒక కిలో చొప్పున కలిపినవి. రక్తహీనత తగ్గాలని పెట్టినది. ఏరి పారేసేది సరిగ్గా ఆ బలాన్నే. మా అమ్మ కూడా ఏరేది. నేను చెప్తే, ‘నీకెవుడు సెప్పాడు?’ అంది. ఇప్పుడు ఏరడం మానేసింది గానీ నన్ను నమ్మి కాదు, కళ్ళద్దాలు పెట్టుకుని ఏరడం కష్టమని.

ఆ బియ్యంతో పలుకుగా అన్నం కావాలంటే కుదరదు. మెత్తగా వండుకోవాలి, రాత్రి మిగిలింది చద్ది చెయ్యాలి. అన్నంలో నీళ్ళు పోసి మూత పెట్టేస్తే తెల్లారేసరికి కాస్త పులుస్తుంది. మజ్జిగ పోసుకుని, ఉల్లిపాయ నంజుకుంటే పొద్దుటి టిఫిన్ ఖర్చు అక్కడితో సరి. మా నాయనమ్మ కాలంలో తరవాణి కుండే ఉండేది వంటింటి మూల. ఈ తరంలో మనకి నామోషీ. హాస్టల్లో పక్కవాడు చూస్తే ఏమనుకుంటాడోనని. పక్కవాడు కూడా సరిగ్గా అదే అనుకుంటున్నాడు, మీరు వండితే అడిగి తింటాడు. నేను చూశాను.

ఇప్పుడు అంబలి. హైదరాబాదులో మాల్టని, హెల్త్ డ్రింకని వందలు పోసి కొంటారు. మన దగ్గర చోళ్ళు. రాగులంటే పెద్ద ఊళ్ళ పేరు, మనకి చోళ్ళు. వంద గ్రాముల చోళ్ళలో 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది. పాలల్లో కన్నా ఎక్కువ. 2023ని చిరుధాన్యాల సంవత్సరమని ప్రపంచమంతా జరుపుకుంది. మా అమ్మకి చెబితే, ‘పెపంచకానికి ఇప్పుడు తెలిసిందేటి?’ అంది. చెయ్యడం తేలిక. రాత్రి రెండు మూడు చెంచాల చోడిపిండి నీళ్ళలో కలిపి ఉంచండి. పొద్దున్న గుప్పెడు నూక ఉడికించి, అది మెత్తబడ్డాక ఆ పులిసిన పిండి పోసి, అడుగంటకుండా తిప్పుతూ ఉడికించి దించెయ్యండి. చల్లారాక ఉప్పు, మజ్జిగ, పచ్చి ఉల్లిపాయ. ఇంకా గట్టిపడేదాకా తిప్పితే తోప అవుతుంది, దానికి పులుసు ఉండాలి. ఎండల్లో అంబలి తాగి బయటికెళ్ళినవాడికి మధ్యాహ్నందాకా హోటల్ బోర్డు కనపడదు.

ఇక ములగాకు, తెలగపిండి. ములగచెట్టు మన ఊళ్ళల్లో ఎవరో ఒకరి పెరట్లో ఉంటుంది, అడిగితే కోసుకోమంటారు. నువ్వుల నుంచి గానుగలో నూనె తీశాక మిగిలే చెక్క తెలగపిండి. బాలింతలకి పెట్టేవారు. ఇప్పుడు పశువులకే పెడుతున్నారు. గానుగ దగ్గరే అడిగి, తినడానికని చెప్పి శుభ్రమైనది తెచ్చుకోండి. ఆకు దూసి, కడిగి, కొద్దిపాటి నీళ్ళలో ఉప్పు, పసుపు వేసి ఉడికించి, చితక్కొట్టిన తెలగపిండి జల్లి మూత పెట్టండి. నీళ్ళన్నీ పీల్చుకుని పొడిపొడిగా అవుతుంది. ఆఖర్న వెల్లుల్లి, ఎండుమిర్చి పోపు. మొదటిసారి నచ్చదు. మూడోసారికి అదే కావాలంటారు.

అన్నిటికన్నా నాకిష్టమైన కథ అరటి దూటది. మా వీధిలో ఒక పెళ్ళయింది. పందిరికి కట్టిన రెండు అరటిచెట్లు మర్నాడు మురిక్కాలవ పక్కన పడేశారు. మా అమ్మ కిటికీలోంచి చూసి, ‘ఎల్లి తీసుకురారా’ అంది. పదహారేళ్ళు ఏసీ గదిలో కూర్చున్నవాణ్ణి, పట్టపగలు అరటిబోదె భుజాన వేసుకుని వీధిలో రావాలి. సిగ్గుతో చచ్చాను. ఎదురైన ఒక మావయ్య, ‘పెళ్ళేటి అల్లుడూ ఇంట్లో?’ అన్నాడు. తెచ్చాక పొరలన్నీ ఒలిచి, లోపలి తెల్లటి దూట తియ్యడం, గుండ్రంగా తరగడం, ప్రతి ముక్కకీ వచ్చే పీచు వేలికి చుట్టుకుని లాగెయ్యడం, నల్లబడకుండా మజ్జిగ నీళ్ళలో వెయ్యడం. గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో ఒక్కసారి కూడా ఫోను చూడలేదు. చూద్దామన్నా చేతులు జిగురు.

దూటకి ఆవ పెట్టాలి. దీన్లో ఒక కిటుకుంది. ఆవాలు, ఎండుమిర్చి నానబెట్టి చల్లటి నీళ్ళతోనే నూరాలి. నూరినప్పుడే ఆ ఘాటు పుడుతుంది, ముక్కుకెక్కేది అదే. వేడి తగిలితే అది చచ్చిపోతుంది. కాబట్టి ఉడికిన దూటలో చింతపండు పులుసు ఇగిరాక, దించి, వేడి తగ్గాక కలపాలి. నేను తొందరపడి పొయ్యి మీదుండగానే వేసేశాను. ‘దించినాక కలపాలిరా నాయనా, సేదొచ్చేస్తాది’ అంది అమ్మ. వచ్చింది. అయినా తిన్నాం ఇద్దరం. మొత్తం కూరకయిన ఖర్చు పోపు దినుసులే.

ఒకమాట గట్టిగా చెప్పాలి. పొదుపంటే పస్తు కాదు. ఈ రూముల్లో కుర్రాళ్ళు డబ్బు మిగులుతుందని పొద్దున్న టీ బిస్కెట్టు, మధ్యాహ్నం మెస్సు, రాత్రి నూడుల్సు అని గడిపేస్తున్నారు. పరీక్ష హాల్లో కళ్ళు తిరిగి పడిపోయినవాణ్ణి నేనెరుగుదును. గుడ్డు మానొద్దు, పప్పు మానొద్దు. చేపలు ఖరీదనిపిస్తే ఎండుమెత్తళ్ళు తెచ్చుకోండి. మన తీరంలో వాటికి కొదవ లేదు. గుప్పెడు వేసి వంకాయ వండితే ఒక కుక్కరన్నం అవలీలగా లోపలికెళ్ళిపోతుంది. రూము ఓనరు శాకాహారి అయితే మాత్రం ఆ వాసన దాచలేరు, అది మీ అదృష్టం. (నవ్వులు)

ఇప్పుడు రెండో సంగతి, హాబీలు. నాకు హాబీలేమీ లేవు. రెజ్యూమేలో ‘పుస్తకాలు చదవడం, సంగీతం వినడం’ అని రాసుకునేవాణ్ణి, అందరిలాగే. నిజానికి ఏదీ లేదు. మరెలా దొరికిందంటే, వంటింట్లోనే దొరికింది.

మా అమ్మ చెప్పే మాటలు సగం నాకు అర్థమయ్యేవి కాదు. సజ్జల్ని గంటెలంటుంది, అలసందల్ని బొబ్బర్లంటుంది. సొరకాయంటే తెలీనట్టు మొహం పెడుతుంది, ఆనపకాయనాలి. చిన్నప్పుడు ఇవన్నీ నా మాటలే. హైదరాబాదులో ఆఫీసులో ఎవరో నవ్వితే ఒక్కొక్కటే వదిలేశాను. ఒకరోజు నా ఖర్చుల పుస్తకం వెనక పేజీలో ‘తోప’ అని రాసి, కింద అర్థం రాశాను. మర్నాడు ఇంకో నాలుగు. తర్వాత రోలు, పొత్రం, కవ్వం, తెడ్డు, జల్లిమూకుడు బొమ్మలు పెన్సిలుతో గీశాను. నా బొమ్మలు చూసి మా అమ్మాయి వీడియో కాల్లో, ‘నాన్నా, అది కవ్వమా, టేబుల్ ఫ్యానా?’ అంది. ఫరవాలేదు. వంద పేజీల నోటుపుస్తకాలు రెండు నిండాయి. పక్క వీధుల ముసలమ్మల దగ్గరకెళ్ళి మాటలు అడిగేవాణ్ణి. తమాషా ఏమిటంటే, ఇదివరకు ‘ఉద్యోగం ఏమైంది?’ అని అడిగే ఆ నోళ్ళే, నేను ‘అప్పా, పూర్వం ఉప్పు దేంట్లో దాచేవారు?’ అని ముందే అడిగేసరికి ఉద్యోగం ఊసే మర్చిపోయేవి.

మీకు తెలిసినదే, గిడుగు రామమూర్తి పంతులుగారిది మన ప్రాంతమే. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. ఆ రోజునే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. దండలేసి, ఫొటోలు దిగి వచ్చేస్తాం. ఆయన పర్లాకిమిడిలో బడిపంతులు, చరిత్ర పాఠం చెప్పేవారు. కొండల మీది సవరల భాష నేర్చుకోమని ఆయన్ని ఎవరూ జీతం ఇచ్చి పెట్టలేదు. వాళ్ళ మాట తనకు అర్థం కావడం లేదని కూర్చుని నేర్చుకున్నారు, మాట పక్కన మాట రాసుకున్నారు. ఆ వ్యాకరణం, నిఘంటువు అచ్చయ్యేసరికి 1930లు వచ్చేశాయి. నా రెండు నోటుపుస్తకాల్ని ఆయన పనితో పోల్చుతున్నానని అనుకోకండి, చెంపలు వాయించుకుంటాను. ఊరికే పక్కన కూర్చుని మాటలు రాసుకోవడం కూడా ఒక పనేనని ఆయన వల్ల ధైర్యం వచ్చిందని చెబుతున్నానంతే.

ఇంకో చోటు చెబుతాను. ఈ ఊళ్ళోనే విశాఖ ఎ కాలనీలో కథానిలయం ఉంది. కాళీపట్నం రామారావుగారు, మన కారా మాస్టారు, 1997 ఫిబ్రవరి 22న మొదలుపెట్టారు. అచ్చయిన ప్రతి తెలుగు కథా ఒక్కచోట ఉండాలని ఆయన పంతం. ఆయనా బడిపంతులే, రిటైరయ్యాక ఊరూరూ తిరిగి పాత పత్రికలు పోగుచేశారు. ఇక్కడ కోచింగులకి వచ్చి రెండేళ్ళు ఉన్నవాళ్ళల్లో ఎంతమంది అటు వెళ్ళారు? చేతులెత్తండి. ఇద్దరు. ముగ్గురు. అమ్మాయ్, నువ్వు సగం ఎత్తావు, దారిలో చూశావా? (నవ్వులు) అక్కడ కూర్చుని పాత పత్రిక తిరగేస్తుంటే, మన వీధుల్లో వినపడే మాటే కథలో అచ్చై కనిపిస్తుంది. నా నోటుపుస్తకంలో రాసుకున్న మాట ఒకటి అలా దొరికినప్పుడు, పోయిన వస్తువు దొరికినట్టనిపించింది.

హాబీకి డబ్బు పెట్టకండి. కొత్తగా ఏదైనా మొదలుపెడదామనుకోగానే మనం చేసే మొదటి పని సామాను కొనడం. రంగులు, బ్రష్షులు, గిటారు. నెల తర్వాత అవన్నీ అటక మీద. ఇంట్లో ఉన్నదానితో మొదలవనిది ఇంట్లోకి తెచ్చినా మొదలవదు. పాత ప్రశ్నపత్రాల వెనక ముగ్గులు గీసే అమ్మాయి నాకు తెలుసు. ఇరవై ఒక్క చుక్కల ముగ్గు, ఎక్కడా చెయ్యి ఎత్తకుండా. ఎండిన కొబ్బరి చిప్పలతో గరిటెలు చేసే కుర్రాడు తెలుసు. పెరట్లో పగిలిన బిందెల్లో తోటకూర, మెంతికూర వేసుకున్నా హాబీయే. నాలుగు వారాల్లో కూర కూడా అవుతుంది.

మా వీధిలోనే ఒక అమ్మాయి, బీఈడీ చదివి డీఎస్సీకి ఎదురుచూస్తోంది. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి బొంతలు కుడుతుంది. చేతికుట్టే. వాళ్ళమ్మమ్మ చీర అంచు మధ్యలో వచ్చేలా ఒకటి కుట్టింది, చూస్తే కళ్ళు చెమరుస్తాయి. చూసినవాళ్ళంతా ఒకటే మాట, ‘అమ్మొచ్చు కదమ్మా, ఆన్‌లైన్లో పెట్టొచ్చు కదమ్మా.’ సరే అని ఆర్డర్లు తీసుకుంది. ఒకావిడకి పది రోజుల్లో కావాలి, ఇంకొకావిడకి గులాబీరంగు వద్దు, మూడో ఆవిడ తీసుకుని డబ్బు ఎగ్గొట్టింది. మూడు నెలల్లో ఆ పిల్లకి సూది చూస్తే టెన్షన్. చదువూ పోయింది, బొంతా పోయింది. ఇప్పుడు మళ్ళీ తనకోసం కుట్టుకుంటోంది, రోజుకి జానెడు. అమ్మడం తప్పని నేననను. ఇంట్లో గడవనప్పుడు అమ్ముకోవాల్సిందే, అది వ్యాపారం, వ్యాపారంలాగే చెయ్యాలి, అడ్వాన్సు తీసుకునే చెయ్యాలి. కానీ ఉద్యోగం లేని మనిషి ఏది చేసినా, ‘దానివల్ల ఎంతొస్తుంది?’ అని అడగడం మనవాళ్ళకి జబ్బు. ఎంతా రానిది ఒక్కటైనా ఉంచుకోండి. నా మాటల పుస్తకాన్ని యూట్యూబ్ చానల్ చెయ్యమని కనీసం ఏడుగురు చెప్పారు. చెయ్యలేదు.

పొందూరు కూడా ఒకసారి వెళ్ళాను. ఇక్కణ్ణుంచి ఎంతో దూరం లేదు. అక్కడ ఖద్దరుకి పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ ఎముకకి సన్నటి పళ్ళు వరసగా ఉంటాయి. ఏ ఇంజినీరూ చేసిన దువ్వెన కాదది. దువ్వుతున్న ఒక పెద్దావిడని, ‘నేనూ నేర్చుకుంటానమ్మా’ అన్నాను. నా చేతులు పట్టుకు చూసి, ‘కంప్యూటర్ సేతులు బాబూ ఇవి, పత్తి సిరిగిపోద్ది’ అంది. అరగంట ప్రయత్నించాక ఆవిడ మాటే నిజమైంది. అయినా ఆ అరగంట బాగుంది.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి. ఆ... చివర్న ఎర్ర చొక్కా బాబు. ‘వీటివల్ల మీకు ఉద్యోగం వచ్చిందా సార్?’ మంచి ప్రశ్న. రాలేదు. ఉద్యోగం అప్లికేషన్లు పెడితేనే వచ్చింది, నూట ముప్పై పైచిలుకు పెట్టాను. ఉలవలు తింటే ఉద్యోగం వస్తుందని నేను చెప్పానా? పైగా ఒకటి పోయింది కూడా. ఒక కంపెనీవాళ్ళు వీడియో ఇంటర్వ్యూ పెట్టారు. పదకొండింటికి అన్నవాళ్ళు పన్నెండింటికి చేశారు. అప్పటికి కుక్కర్ పొయ్యి మీదుంది. జీఎస్టీ మీద ఏదో అడుగుతున్నారు, వెనక విజిల్. మళ్ళీ విజిల్. ‘ఏమిటండీ ఆ సౌండ్?’ అని అడిగారు. నాకు ఏం చెప్పాలో తోచక, ‘ఉలవలండీ, ఇంకో మూడున్నాయి’ అన్నాను. (నవ్వులు) వాళ్ళు నవ్వలేదు. ఆ తర్వాత ఫోనూ రాలేదు. ఆ సాయంత్రం మాత్రం చారు అద్భుతంగా కుదిరింది.

ఇప్పుడు ఇక్కడే ఒక చోట లెక్కలు చూస్తున్నాను. జీతం హైదరాబాదులో వచ్చినదానిలో సగం కన్నా కాస్త ఎక్కువ. ఆదివారాలు వంట నాదే.

ఇంకో ప్రశ్న. ‘ఇంట్లో అమ్మ వండుతుంది, మేం వంటింట్లోకి వెళ్తే ఒప్పుకోదు, ఏం చెయ్యాలి?’ ముందు గిన్నెలు తోమండి బాబూ. దానికి ఏ అమ్మా అడ్డు చెప్పదు. అక్కణ్ణుంచి నెమ్మదిగా పొయ్యి దగ్గరికి జరగొచ్చు.

సరే, ఎనిమిదవుతోంది, పలాస వైపు వెళ్ళేవాళ్ళకి బస్సులున్నాయి. వెళ్ళేముందు ఒక్క నిమిషం. గుమ్మం దగ్గర పెద్ద క్యానులో చోడంబలి తెచ్చాను. పొద్దున్న మా అమ్మ దగ్గరుండి చేయించింది. చూపు బాగా వచ్చింది కాబట్టి ఇప్పుడు తప్పులు ఇంకా ఎక్కువ పడుతోంది. మజ్జిగ కలిపేశాను, ఉప్పు తక్కువైతే పక్కన పొట్లం ఉంది. పచ్చి ఉల్లిపాయలు ఆ స్టీలు డబ్బాలో ఉన్నాయి. గ్లాసులు ఇరవై రెండే, మీరు అరవై మంది పైన ఉన్నారు. తాగినవాళ్ళు కుళాయి దగ్గర కడిగి వెనకవాళ్ళకి ఇవ్వండి. ముందు ఎర్ర చొక్కా బాబుకి ఇవ్వండి.